కిలోలీటరు నీటి వెనకున్న కరెంటు, దాని ముందున్న పొలం

వెయ్యి లీటర్ల నీటిని 100 మీటర్ల పైకి ఎక్కించాలంటే, ఎక్కడా ఏ నష్టమూ లేదనుకున్నా 0.27 యూనిట్ల కరెంటు కావాలి. ఎంత ఖరీదైన మోటారు బిగించినా అంతకంటే తగ్గదు. పంపు, మోటారు కలిపి 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తే అది 0.45 యూనిట్లవుతుంది. ఇంపెల్లర్ (పంపులో నీటిని నెట్టే చక్రం) అరిగిపోయి, సామర్థ్యం 35 శాతానికి పడిపోయిన పంపయితే 0.78 యూనిట్లు లాగుతుంది. నగరాల నీళ్ల గురించి ఎవరు ఏ పథకం చెప్పినా ముందు ఈ లెక్కలో పెట్టి చూడాలి. కిలోలీటరుకు ఎన్ని యూనిట్లు? ఆ నీళ్లు ఇంతకుముందు ఎవరి పొలానికి పోయేవి? వాడుకున్నాక ఎక్కడికి పోతాయి? ఈ మూడింటికీ జవాబు లేని పథకం ఎంత పెద్దదైనా సగం పథకమే.

నగరం చిన్నగా ఉన్నప్పుడు పక్కనున్న చెరువో, ఏరో సరిపోతుంది. పెరిగేకొద్దీ బోర్లు వస్తాయి, తర్వాత దూరపు నది, చివరికి సముద్రం. ఒక్కో మెట్టుకీ యూనిట్లు పెరుగుతాయి. భూగర్భ జలమట్టం 30 మీటర్ల నుంచి 120 మీటర్లకు దిగితే కరెంటు ఖర్చు నాలుగు రెట్లు. నిజానికి అంతకంటే ఎక్కువే, ఎందుకంటే 30 మీటర్ల హెడ్‌కి (నీటిని ఎత్తాల్సిన ఎత్తుకు) ఎంచుకున్న పంపును 120 మీటర్ల దగ్గర నడిపించలేం. స్టేజీలు, అంటే వరసగా ఉండే ఇంపెల్లర్లు, పెంచాలి, కేబుల్ మందం పెంచాలి. అవి పెంచకుండా పాత పంపునే లోతుకు దింపితే నీళ్లు సన్నగా వస్తాయి, మోటారు చుట్టూ నీటి ప్రవాహం తగ్గి వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. చాలాచోట్ల "వోల్టేజీ వల్ల కాలింది" అనుకునే మోటార్లలో కొన్ని ఇలా పోయినవే.

భూమిలోంచి తోడిన నీటికి మరో బిల్లు కూడా ఉంది. మెక్సికో సిటీ కొంత నీటిని వెయ్యి మీటర్లకు పైగా ఎత్తిపోసి తెచ్చుకుంటుంది. మిగతా చాలా భాగం నగరం కిందనుంచే తోడుతుంది. దానివల్ల మెత్తటి బంకమట్టి పొరలు కుంగి నేల దిగిపోతోంది. ఒకప్పుడు వాలు మీద దానంతట అదే పారిన అక్కడి ప్రధాన మురుగు కాలువ వాలు కోల్పోయింది, మురుగును కూడా పంపులతో నెట్టాల్సి వచ్చింది. నీళ్లు తోడడానికి కరెంటు, ఆ తోడిన పాపానికి మురుగు తోడడానికి మళ్లీ కరెంటు.

పైపులో పోయేది

కొత్త నీటి వనరు వెతికే ముందు ఉన్న పైపులు చూడాలన్నది నా గట్టి నమ్మకం. పైపులో 5 బార్ల ప్రెజర్ ఉందనుకోండి, అంటే 50 మీటర్ల హెడ్. అందులో 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పడితే గంటకు దాదాపు 1.9 కిలోలీటర్లు, రోజుకు 46 కిలోలీటర్లు పోతాయి. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున చూస్తే అది 460 మందికి సరిపడే నీరు. ఆ రంధ్రం పెన్సిల్ మందం కూడా లేదు, మట్టిలో ఇంకిపోతుంటే పైన తడి కూడా కనిపించకపోవచ్చు.

దీన్ని పట్టుకునే పద్ధతి సులువే, ఓపిక కావాలంతే. ఐదువందల నుంచి మూడువేల కనెక్షన్లున్న ఒక ప్రాంతాన్ని సరిహద్దు వాల్వులతో విడదీసి, లోపలికి వచ్చే పైపు మీద ఒక్క మీటరు పెట్టాలి. రాత్రి రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఎంత నీరు లోపలికి పోతోందో చూడాలి. ఆ వేళ ఇళ్లలో వాడకం దాదాపు ఉండదు కాబట్టి వచ్చే అంకెలో ఎక్కువ భాగం లీకేజీయే. తర్వాత లోపలి వాల్వులు ఒక్కొక్కటిగా మూస్తూ పోవాలి. ఏ వాల్వు మూసినప్పుడు మీటరు ఒక్కసారిగా పడిపోతే ఆ వీధిలో లీకు ఉన్నట్టు. ఇక్కడ రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, సరిహద్దు వాల్వు పూర్తిగా మూసుకోదు, పక్క ప్రాంతం నుంచి నీళ్లు చేరి లెక్క చెడుతుంది. అందుకే ముందు మీటరు దగ్గర సరఫరా ఆపి, లోపలి ప్రెజర్ సున్నాకు పడుతోందో లేదో చూసుకోవాలి. రెండోది, రోజుకు రెండు గంటలే నీళ్లిచ్చే చోట ఈ పరీక్ష చేయడం. అక్కడ నల్లా వచ్చినంతసేపూ అందరి సంపులూ నిండుతూ ఉంటాయి కాబట్టి అర్థరాత్రి అంకెకు అర్థం ఉండదు. పరీక్ష జరిగే కొద్ది రోజులైనా ఆ ప్రాంతానికి నిరంతరాయంగా నీళ్లివ్వాలి.

తవ్వకుండానే లీకు తగ్గించే మార్గం ప్రెజర్ తగ్గించడం. 50 మీటర్ల హెడ్‌ను 35కి దించితే ఇనుప పైపులోని గట్టి రంధ్రం నుంచి పోయేది 16 శాతమే తగ్గుతుంది. ప్లాస్టిక్ పైపులో పగులు అయితే ప్రెజర్‌తో పాటు అదీ నోరు మూసుకుంటుంది, నష్టం 40 శాతం దాకా తగ్గవచ్చు. ప్లాస్టిక్ పైపులు ఎక్కువున్న కొత్త కాలనీల్లో ప్రెజర్ తగ్గించే వాల్వుకు పెట్టిన డబ్బు త్వరగా తిరిగొచ్చేది అందుకే.

పైపు సైజు దగ్గర పిసినారితనం జీవితాంతం కరెంటు బిల్లులో తేలుతుంది. అదే ప్రవాహానికి వ్యాసం సగం చేస్తే రాపిడి నష్టం దాదాపు 29 రెట్లవుతుంది. తుప్పు గడ్డలు కట్టిన పాత ఇనుప పైపులో కొత్తదానికంటే రెండున్నర రెట్లు ఉండడం మామూలే. దీనికి విరుగుడుగా చాలామంది మోటారు వేగం మార్చే డ్రైవు పెట్టించి, వేగం తగ్గితే కరెంటు ఆ వేగపు ఘనం (మూడో ఘాతం) లెక్కన తగ్గుతుందన్న సూత్రం చూపిస్తారు. రాపిడే ఎక్కువున్న పొడవాటి లైన్లో అది నిజం. నేరుగా పైనున్న ట్యాంకుకు ఎక్కించే పంపుకు కాదు. అక్కడ ఎత్తు మారదు, వేగం కాస్త ఎక్కువ తగ్గిస్తే నీళ్లు ట్యాంకు దాకా చేరకుండా పంపులోనే సుడి తిరుగుతాయి.

ఇళ్ల లోపల మరో లెక్క ఉంది, దాన్ని ఎవరూ నీటి ఖాతాలో రాయరు. కిలోలీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 1.16 యూనిట్లు కావాలి. 25 డిగ్రీలు పెంచాలంటే 29 యూనిట్లు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడానికి అయ్యే 3, 4 యూనిట్ల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. నిమిషానికి 12 లీటర్లు పోసే షవర్ తల తీసి 6 లీటర్లది పెట్టడం ఎంత పెద్ద పనో అప్పుడు అర్థమవుతుంది.

ఎండ పెరిగితే

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. వాన పడినప్పుడు కుండపోతగా పడడానికీ, పడనప్పుడు నేల త్వరగా ఎండిపోవడానికీ మూలం ఇదే. నగరం దీనికి తన వంతు కలుపుతుంది. పది హెక్టార్ల పచ్చిక మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే అందులో ఐదో వంతు పారుతుంది, అంటే సెకనుకు మూడోవంతు ఘనపు మీటరు. అదే పది హెక్టార్లలో ఇళ్లూ రోడ్లూ కట్టేస్తే ఎనభై శాతం పారుతుంది, సెకనుకు 1.33 ఘనపు మీటర్లు. కాలువ పాతదే, నీరు మాత్రం నాలుగింతలు. ఆ గంటలో నేలలోకి దిగాల్సిన 3,600 కిలోలీటర్లు దిగకుండా పోయాయన్నది దాని అవతలి ముఖం.

ఇంకుడు గుంతలు తవ్వుతున్నారు, మంచిదే. అవి రెండేళ్లలో పనిచేయకుండా పోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒండ్రే. పైనున్న ఇసుక పొరలో మొదటి కొన్ని సెంటీమీటర్లు పూడుకుపోతాయి, కింద రాళ్లు శుభ్రంగానే ఉంటాయి. వానాకాలానికి ముందు ఆ పై పొర గీకి కొత్త ఇసుక పోస్తే గుంత మళ్లీ తాగుతుంది. గుంతకు ముందు చిన్న ఒండ్రు తొట్టి ఉంటే ఆ పనీ తగ్గుతుంది. రోడ్డు నీటిని వడపోత లేకుండా నేరుగా బోరులోకి దింపడం మాత్రం వద్దు. నూనె, మురుగు ఒకసారి భూగర్భ జలంలో చేరితే తీసే దారి ఉండదు.

వేడికి ఏసీలు. మూడు యూనిట్ల వేడిని లోపలినుంచి తీయడానికి ఒక యూనిట్ కరెంటు వాడే ఏసీ, మొత్తం నాలుగు యూనిట్ల వేడిని వీధిలోకి వదులుతుంది. వీధి వేడెక్కితే పక్కింటి ఏసీ ఇంకా కష్టపడుతుంది. పెద్ద భవనాల్లో, డేటా సెంటర్లలో ఆ వేడిని కూలింగ్ టవర్ నీటిని ఆవిరిచేసి వదిలిస్తుంది. 100 టన్నుల శీతలీకరణ సామర్థ్యమున్న చిల్లర్‌కు (పెద్ద ఏసీ యంత్రానికి) గంటకు దాదాపు 600 లీటర్లు ఆవిరైపోతాయి. ఆవిరి ఉప్పును తీసుకుపోదు కాబట్టి మిగిలిన నీరు చిక్కబడుతుంది, కొంత బయటికి వదలాలి. లవణం మూడు రెట్లు కాగానే వదిలే టవర్ మరో 300 లీటర్లు పారబోస్తుంది, ఆరు రెట్ల దాకా ఆగే టవర్ 120 లీటర్లే. ఈ తేడా నీటిలో లవణం ఎంతుందో చూపే ఒక కండక్టివిటీ మీటరు, ఒక ఆటోమేటిక్ వాల్వు పని. తాగునీటి బదులు శుద్ధి చేసిన మురుగునీరు వాడవచ్చు, వాడాలి కూడా. కాకపోతే అందులోని అమ్మోనియా రాగి, ఇత్తడి గొట్టాలను తినేస్తుంది, ఫాస్ఫేట్ సున్నంతో కలిసి గట్టి పొర కడుతుంది. ఆ రెండింటినీ ముందు తగ్గించకుండా నీళ్లు మార్చేస్తే ఏడాదిలో చిల్లర్ పాడై, ఆ నింద మురుగునీటి మీద పడుతుంది.

విద్యుత్ కేంద్రాలకు నీళ్లు కావాలన్న మాట తరచూ వినిపిస్తుంది. కూలింగ్ టవర్లున్న బొగ్గు కేంద్రంలో యూనిట్‌కు సుమారు 2, 3 లీటర్లు ఆవిరవుతాయి. అంటే కిలోలీటరు నీటిని 100 మీటర్లు ఎక్కించే కరెంటు తయారీకి లీటరు పైచిలుకు చాలు. అసలు చిక్కు పరిమాణంలో కంటే సమయంలో ఉంది. నదిలో నీరు తగ్గి, వేడెక్కి, అందరూ ఏసీలు వేసుకునే రోజులు ఒకేసారి వస్తాయి. 2003లోనూ 2022లోనూ ఫ్రాన్స్‌లో వడగాలుల సమయంలో నదుల ఉష్ణోగ్రత పరిమితుల వల్ల అణు విద్యుత్ కేంద్రాలు ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. సౌర ఫలకాలకు నీళ్లు అక్కర్లేదు, కానీ ఎండ వేడి వాటికీ పడదు. ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.45 శాతం ఉత్పత్తి పడిపోతుంది. 65 డిగ్రీలకు చేరిన ఫలకం పన్నెండు నుంచి పద్దెనిమిది శాతం తక్కువ ఇస్తుంది.

సముద్రపు నీటి శుద్ధికి సిద్ధాంతం ప్రకారం కిలోలీటరుకు ఒక యూనిట్ కాస్త దాటితే చాలు (సగం నీటిని రాబట్టే పద్ధతిలో). ఆధునిక ప్లాంట్లు 3, 4 యూనిట్ల దగ్గర ఉన్నాయి. ఇంకా తగ్గించడానికి చోటు కొద్దిగానే ఉంది. 55 నుంచి 70 బార్ల ప్రెజర్‌తో ఉప్పును ఆపే సన్నటి పొరగుండా నెట్టిన ఆ నీటికి ఇంకో గుణం ఉంది, అది మరీ శుభ్రం. ఇజ్రాయెల్‌లోని ఆష్కెలాన్ ప్లాంటు నీరు పొలాలకు వెళ్లినప్పుడు పంటల్లో మెగ్నీషియం లోపం కనిపించింది. సముద్రంలోని బోరాన్ మాత్రం పొర దాటి కొంత వచ్చేస్తుంది, నిమ్మజాతి చెట్లకు లీటరుకు అర మిల్లీగ్రాము దాటితే ఆకు అంచులు మాడతాయి. మనుషుల కోసం రూపొందించిన నీరు పైరుకు సరిపడకపోవచ్చని ప్లాంటు కట్టాక తెలియడం ఖరీదైన వ్యవహారం.

మురుగు ఎక్కడికి పోవాలి

ప్రపంచంలో మనిషి వాడకానికి తీసే మంచినీటిలో దాదాపు 70 శాతం వ్యవసాయానికి పోతుంది. కానీ పొలం, నగరం నీటిని వాడే తీరు ఒకటి కాదు. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు అంటే 10 కిలోలీటర్లు. మండుటెండల్లో పైరు రోజుకు 6 మిల్లీమీటర్లు తాగుతుంది, అంటే 60 కిలోలీటర్లు. మనిషికి 100 లీటర్ల చొప్పున 600 మంది ఇంటి వాడకం అది. పైరు తాగింది ఆవిరై పోతుంది. ఆ 600 మంది వాడిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది. 750 మంది మురుగు ఎండాకాలంలో ఒక హెక్టారును తడుపుతుంది. నగరం పెరిగితే తనతో పాటు పెరిగే నీటి వనరు ఇదొక్కటే. ఇజ్రాయెల్ తన మురుగునీటిలో దాదాపు 90 శాతాన్ని సేద్యానికి మళ్లిస్తోంది. నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచీ మురుగును శుద్ధి చేసి నేరుగా తాగునీటిలోనే కలుపుకుంటోంది.

మురుగులో నీరే కాదు, ఎరువూ ఉంది. మనిషి రోజుకు దాదాపు 12 గ్రాముల నత్రజని విసర్జిస్తాడు. పది లక్షల జనాభాకు రోజుకు 12 టన్నులు, యూరియా లెక్కలో 26 టన్నులు. శుద్ధి కేంద్రాల్లో ఏం చేస్తాం? ఒక కిలో అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి 4.57 కిలోల ఆక్సిజన్ ఊదుతాం, రెండు మూడు యూనిట్లు ఖర్చు పెడతాం, చివరికి దాన్ని నత్రజని వాయువుగా గాలిలోకి వదిలేస్తాం. ఇంకోచోట ఎరువుల కర్మాగారం అదే గాలిలోంచి కిలో నత్రజనిని తిరిగి పట్టడానికి దాదాపు 10 యూనిట్లకు సమానమైన శక్తి మండిస్తుంది. సేద్యానికి పోయే నీటిలోంచి నత్రజనిని పూర్తిగా తీసేయమని అడిగే నిబంధనలు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఊదడంలోనూ వృథా చాలా ఉంది, శుద్ధి కేంద్రం కరెంటులో సగం బ్లోయర్లదే. తొట్టిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములుంటే చాలు. ఆపరేటర్లు భయంతో 5 దగ్గర నడుపుతారు. 30 డిగ్రీల నీటిలో ఆక్సిజన్ 7.5 మిల్లీగ్రాములకు మించి కరగదు కాబట్టి, 5 దగ్గర నిలబెట్టాలంటే అదే పనికి రెట్టింపు కంటే ఎక్కువ గాలి పడుతుంది. నీరు వేడెక్కేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఆక్సిజన్ సెన్సరును వారానికోసారి తుడవకపోతే జిగురు పట్టి తక్కువ చూపిస్తుంది, బ్లోయర్ ఊదుతూనే ఉంటుంది.

ఇక పొలం దగ్గరికి. లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని ఉన్న నీటిని ఒక పంటకాలంలో 500 మిల్లీమీటర్లు పెడితే హెక్టారుకు 100 కిలోల నత్రజని చేరుతుంది. రైతు ఆ సంగతి తెలియక మామూలుగా యూరియా వేస్తే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, పక్వానికి రావడం ఆలస్యమవుతుంది. ఇంకో ఇబ్బంది, ఈ ఎరువును ఆపే వీలు లేదు. గింజ పట్టే దశలో నత్రజని అక్కర్లేకపోయినా ప్రతి తడికీ వస్తూనే ఉంటుంది. అప్పుడు కలపడానికి బావి నీరో కాలువ నీరో ఉండాలి.

ఉప్పు సంగతి ఇంకా ముఖ్యం. నీటిలో ఉప్పు ఎంతుందో దాని విద్యుత్ వాహకత చెబుతుంది. అది మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపుంటే ఏ పంటకైనా ఫర్వాలేదు, 3 దాటితే చాలా పంటలకు కష్టం. మధ్యలో ఉన్నప్పుడు వేళ్ల కింది ఉప్పును కడగడానికి అదనపు నీరు పెట్టాలి. దానికి ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సూత్రం ఉంది: నీటి వాహకతను, పంట తట్టుకునే నేల వాహకతకు ఐదు రెట్లలోంచి నీటి వాహకతను తీసేసిన అంకెతో భాగించాలి. నీరు 1.5, పంట 3 దాకా ఓర్చేదైతే పెట్టే మొత్తం నీటిలో పదకొండు శాతం ఉప్పు కడగడానికి పోతే చాలు. పంట 1 మాత్రమే ఓర్చే చిక్కుడు జాతిదైతే 43 శాతం, అంటే ఆ నీటితో ఆ పంట వద్దని అర్థం. సోడియం ఎక్కువైతే బంకమట్టి విడిపోయి పైన అట్ట కడుతుంది, నీరు దిగదు, నేల చౌడు బారుతుంది. జిప్సం వేసి కడగవచ్చు, కానీ కడిగిన ఉప్పునీరు పోవడానికి కింద కాలువ లేకపోతే ఉప్పు మళ్లీ పైకే వస్తుంది.

డ్రిప్ మీద ఈ నీరు పెట్టాలంటే 120 మెష్ (అంగుళానికి 120 కన్నుల) ఫిల్టరు కావాలి, అది కూడా డిస్క్ రకం మేలు. ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెజర్ తేడా అర బార్ దాటగానే కడగాలి. లేటరల్ (మొక్కల వరస వెంట పరిచిన సన్న పైపు) చివర్లు విప్పి నీరు తేటగా వచ్చేదాకా వదలాలి. నాచు, జిగురు తగ్గడానికి లైన్ చివర లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలంటారు. నీటిలో అమ్మోనియా ఉంటే మామూలు మోతాదు పోస్తే అక్కడ స్వేచ్ఛా క్లోరిన్ (దేనితోనూ కలవకుండా మిగిలినది) కనిపించదు, ప్రతి మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనీ 8 మిల్లీగ్రాముల దాకా క్లోరిన్‌ను తినేస్తుంది. క్లోరిన్ మందునూ ఆమ్లాన్నీ ఒకే డ్రమ్ములో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

డ్రిప్ నీటిని ఆదా చేస్తుందన్న మాటలో సగమే నిజం. అది నేలలోకి ఇంకిపోయేదాన్ని తగ్గిస్తుంది, పైరు తాగేదాన్ని కాదు. ఆ ఇంకిన నీరే కింది రైతు బావిలోకి చేరేదైతే, మిగిలిందనుకున్న నీటితో పై రైతు మరో ఎకరం వేసినప్పుడు కింది బావి ఎండుతుంది. ఇంకిన నీరు ఉప్పు పొరలోకో సముద్రంలోకో పోయే చోట మాత్రం ఆదా అసలైనదే. పంపుకయ్యే కరెంటు తగ్గడం, ఎరువు కలిసిరావడం ఎక్కడైనా లాభమే.

ఎండ పెరిగితే పంటకు నీటితోనే సరిపోదు. వరి పూత వేళ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు మిగులుతాయి, ఆ రోజుల్లో ఎన్ని తడులిచ్చినా అవి నిండవు. రాత్రి వేడి కూడా దిగుబడి తింటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పొలాల్లో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. పూత పొద్దున్నే విచ్చుకునే రకాలు, విత్తే తేదీని పక్షం రోజులు జరపడం ఇక్కడ అక్కరకొస్తాయి.

కరువులో నగరానికీ పొలానికీ పోటీ వచ్చినప్పుడు ఏం జరుగుతుందో దక్షిణాఫ్రికా నగరం కేప్‌టౌన్ చూపించింది. 2018 ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టారు. అదే నెలలో గ్రోన్‌లాండ్ రైతుల నీటి సంఘం తమ జలాశయాల నుంచి 1,000 కోట్ల లీటర్లు నగరానికి వదిలింది. అది ఆపత్కాలంలో చేసిన సర్దుబాటు. దాన్నే ముందుగా ఒప్పందం చేసుకుంటే, రైతులు మంచినీరు వదులుకుని బదులుగా శుద్ధి చేసిన నీరు తీసుకోవచ్చు. ఆ కాగితంలో రాయాల్సినవి ఇవి: పొలం గట్టు దగ్గర కొలిచిన వాహకతకు గరిష్ఠ పరిమితి, నత్రజని ఎంతో నెలనెలా రైతుకు చెప్పే బాధ్యత, పొలం దాకా ఎత్తిపోసే కరెంటు బిల్లు నగరానిదే అన్న నిబంధన, శుద్ధి కేంద్రం ఆగిపోయిన రోజు ఎన్ని గంటల్లో పాత నీరు తిరిగి వదలాలన్న గడువు. పూత దశలో నాలుగు రోజుల ఆలస్యం పంటనే తీసుకుపోతుంది కాబట్టి ఆ గడువును పంట దశను బట్టి వేర్వేరుగా రాసుకోవాలి.